సమ్మెలలో సంజ్ఞావివాదము

బాలవ్యాకరణము సంజ్ఞాపరిచ్ఛేదముతో ఆరంభమగును. సంధికిని, సమాసమునకును, క్రియకును ముందుగా చిన్నయసూరి సంజ్ఞలను నిర్ణయించుట యాదృచ్ఛికము కాదు. దేనిని ఏమని పిలుచుచున్నామో తేలనిదే దానికి విధింపదగిన కార్యము తేలదు. వ్యాకరణమున నిరపాయమైన యీ నియమము లోకవ్యవహారమున మనుష్యుల బ్రదుకుతెరువును నిర్ణయించుచున్నది. ఒకనిని కార్మికుడనినచో అతనికి వేతనము, సెలవు, పరిహారము, సంఘము, సమ్మె యనునవి ప్రాప్తించును. అతనినే స్వచ్ఛందసేవకుడనియో, భాగస్వామి యనియో పిలిచినచో అవి యన్నియు లోపించును. మనిషి మారడు, చేయు పని మారదు, సంజ్ఞ మాత్రము మారును.

గడచిన దశాబ్దమున తెలుగునాట సమ్మె మరల బలముగా వినవచ్చుచున్నది. వరంగల్లున 1934లో వెలసిన ఆజంజాహి మిల్లును, హైదరాబాదున డి.బి.ఆర్. మిల్లును మూతపడిన పిమ్మట సమ్మెల కాలము చెల్లినదని చెప్పినవారు పెక్కురు. మిల్లుల మట్టుకు వారి మాట కొంత నిజమే. కాని సమ్మె మిల్లు గేటును విడిచి బస్సు డిపోకు, అంగన్‌వాడి కేంద్రమునకు, చేతిలోని ఫోనునకు మారినది. తావు మారుటతో దాని స్వభావమును మారినది. నేటి సమ్మెలో కూలిని గూర్చిన తగవునకు ముందే పేరును గూర్చిన తగవు వచ్చుచున్నది. పేరు తగవున ఓడినవారు కూలి తగవున గెలుచుట కష్టమగుచున్నది. ఈ యభిప్రాయమును, 2019 నాటి తెలంగాణ ఆర్.టి.సి. సమ్మెను ప్రధానోదాహరణముగా గైకొని, హయత్‌నగర్ పరిసరములను దృష్టియందుంచుకొని పరీక్షించుట ఈ వ్యాసోద్దేశము. ఆర్థికశాస్త్రజ్ఞులు చేయదగిన పనికి మేము పూనుకొనుట లేదు. పదవిచారము తెలుగు శాఖల పని. ఆ మేరకే ఇందు మా ప్రమేయము.

1

ముందుగా సమ్మె యను పదమునే చూతము. వాడుకలో 'సమ్మె చేయు' అనుటతోపాటు 'సమ్మెకట్టు' అనుటయు కలదు. ఇచ్చటి 'కట్టు' గమనింపదగినది. జట్టు కట్టుదురు, వరుస కట్టుదురు. అట్లే సమ్మె కట్టుదురు. ఒంటరివాడు సమ్మె కట్టజాలడు. ఒకడు పనికి రాకున్న అది నాగా. పదిమంది కూడబలుకుకొని రాకున్న అది సమ్మె. హర్తాళము అంగడిని, బందు ఊరిని, నిరాహారదీక్ష దేహమును ఆశ్రయించును. సమ్మె పనిని ఆశ్రయించును. పని లేనివానికి ఆకలి యుండవచ్చును, ఆగ్రహముండవచ్చును, సమ్మె యుండదు.

చట్టమును ఈ భావమునే ఆదరించినది. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, పరిశ్రమలో నియుక్తులైనవారు సమష్టిగా పని నిలుపుటను, కూడబలుకుకొని పనికి నిరాకరించుటను సమ్మెయని నిర్వచించెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి ఆ నిర్వచనమును నిలుపుకొనుచునే మరియొక అంశమును చేర్చినది: సగముమంది గాని, అంతకు మించి గాని కార్మికులు ఒక్కనాడు కూడబలుకుకొని ఆకస్మిక సెలవు పెట్టినను అది సమ్మెయే. పూర్వము ప్రజోపయోగ సేవలకు మాత్రమే పరిమితమైన ముందస్తు నోటీసు నియమము పారిశ్రామిక సంస్థల కన్నింటికిని వ్యాపించెను. పదునాలుగు దినములు ముందుగా తెలుపనిదే సమ్మె చెల్లదు. నాగాకును సమ్మెకును నడుమ వాడుక గీచిన గీతను చట్టము జరిపినదన్నమాట. నిర్వచనము పెరిగినకొలది స్వాతంత్ర్యము తరుగుటకు ఇది యొక నిదర్శనము.

ఐనను రెండు నిర్వచనములకును సామాన్యమైన విశేషణ మొకటి కలదు: 'నియుక్తులైనవారు'. పనిలో నున్నవాడే సమ్మె చేయగలడు. కావున సమ్మె యందు రెండు క్రియలు కలసియున్నవి: పని నాపుట, పనిని విడువకుండుట. ఆపుట కంటికి కనబడును, విడువకుండుట కనబడదు. ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చినవాడు పనిని విడుచును. సమ్మె చేయువాడు పని తనదని సాధించుటకై దానిని ఆపును. ఈ రెండవ యర్థమును చెరిపివేయగలిగినచో సమ్మెను అణచుటకు లాఠీతో పనిలేదు. 2019లో జరిగినది ప్రధానముగా ఇట్టి ప్రయత్నమే యని మా యభిప్రాయము.

2

అచ్చటికి పోవుటకు ముందు మన సాహిత్యము సమ్మెను ఏ రీతిగా చూపినదో స్మరింపవలెను. ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన మాలపల్లి నవలలో సంగదాసు చౌదరయ్య యింటి పాలేరు. కూలి విషయమున పేదలు పట్టుపట్టుట, యజమానులు కోపించుట, తుదకు చౌదరయ్య చేతిదెబ్బకు సంగదాసు ప్రాణములు విడుచుట కథకు మలుపు. 1922 నాటి యీ నవలను మద్రాసు ప్రభుత్వము నిషేధించుట మన విద్యార్థులెల్లరు ఎరిగినదే. శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' పొలమున, గనిలో, కార్ఖానాలో శ్రమించువారికి కావ్యగౌరవము కల్పించెను. సింగరేణి జీవితమును లోపలినుండి చూచిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి 'నల్లవజ్రము' గనికార్మికుని నవలాలోకమునకు దెచ్చెను. హైదరాబాదున ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఒకచేత కవిత్వమును, మరియొకచేత సంఘమును నడపెను. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు నాయకుడాతడే.

కార్మికుడను మాటకు గౌరవము కలిగించుటలో ఈ రచనల పాత్ర సామాన్యము కాదు. కాని వీనియందు రెండు లక్షణములు విమర్శింపదగి యున్నవి. మొదటిది: ఇందలి సమ్మె ద్విపక్షము. పొలము చౌదరయ్యది, కోత నిలిచిన నష్టము చౌదరయ్యది. గనియైనను, కార్ఖానాయైనను పని నిలిచినంతనే దెబ్బ యజమానికి తగులును. చదువరి గట్టుమీద నిలిచిన సాక్షి. ఆతని పంట ఎండదు, ఆతని ప్రయాణము నిలువదు. కావున ఆతడు సులభముగా కూలివాని పక్షము వహింపగలడు. రెండవది: మన సాహిత్యమునకు సమ్మెలోని ఒడంబడికకంటె బలిదానముపై మక్కువ హెచ్చు. మాలపల్లిలో సంగదాసు మరణించిన పిమ్మట చదువరి మనస్సు కూలిలెక్కను విడిచి అమరత్వమువైపు మరలును. కావ్యమునకు మరణము ఫలించును; సంఘమునకు ఒడంబడిక ఫలించును. చర్చలకు పోయివచ్చినవాని రాత్రి, నలువది దినముల తరువాత ఇంటి యద్దె, మరల పనిలో చేరినవాడు పై యధికారిని చూచు చూపు, వీనిని వర్ణించుటకు మన కథకులు పూనుకొనినది తక్కువ. ఈ కొరత సాహిత్యమునకు మాత్రమే పరిమితము కాదు. త్యాగముతోనే పోరాటమును కొలుచు అలవాటు పోరాడువారిని సయితము పట్టుకొనును. 2019 సమ్మెలో కొందరు కార్మికులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. అక్టోబరు 12న ఒంటికి నిప్పంటించుకొనిన ఖమ్మము డ్రైవరు మరునాడు మరణించెను. ఆ దుఃఖమునకు సాహిత్యము కారణమని మేమనుట లేదు. మరణించినవానిని కీర్తించుటకు వలసినన్ని మాటలుండి, బ్రదికి పోరాడువానికి మాటలు చాలకపోవుట మాత్రము మన భాషలోని లోటు.

3

హయాత్ బక్షీ బేగము పేర వెలసిన హయత్‌నగర్, హైదరాబాదునకు తూర్పున విజయవాడ రహదారిపై నున్నది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి, లారీల మరమ్మతులకు పేరొందిన ఆటోనగర్ దాటి, ఈ యూరు చేరవలెను. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చెను; అది యచ్చటనే ఆగెను. అందుచే 2019లో నగరపు నడిమి భాగములవారికి బస్సు లేకున్న రైలుండెను. హయత్‌నగర్ వారికి, ఆ పైయూళ్లనుండి కళాశాలలకు, కూలిపనులకు వచ్చువారికి బస్సే దిక్కు. ఇచ్చట ఆర్.టి.సి. డిపోలు రెండు కలవు. బస్సులో నెక్కువారును, బస్సు నడుపువారును ఇంచుమించు ఒక తరగతివారే. ఒకే కాలనీలో నివసించువారే. డిపో గేటు మూతపడినచో దెబ్బ ముందుగా తగులునది ప్రభుత్వమునకు గాదు, పొరుగింటివానికి. మాలపల్లి నాటి సమ్మెకును, డిపో సమ్మెకును గల భేదమంతయు ఇందున్నది. ఇది త్రిపక్ష వ్యవహారము. మూడవ పక్షమైన ప్రయాణికుడు గట్టుమీది సాక్షి కాడు, నష్టపడిన న్యాయమూర్తి. ఆతని యెదుట ఎవరి సంజ్ఞ నిలుచునో వారి వాదము నిలుచును.

నిజాము రాష్ట్ర రైల్వేలో ఒక విభాగముగా 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన ఈ రవాణా వ్యవస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయై, రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమున వేరు సంస్థ యయ్యెను. 2019 అక్టోబరు 5న, దసరా పండుగకు మూడు దినముల ముందు, ఇరువదియారు కోరికలతో సంఘముల ఐక్య కార్యాచరణ సమితి సమ్మె ప్రారంభించెను. సుమారు నలువది యెనిమిది వేలమంది పని నిలిపిరి. కోరికలలో తలమానికమైనది సంస్థను ప్రభుత్వమున విలీనము చేయుట. ప్రభుత్వ పక్షమున వాదములు లేకపోలేదు: సంస్థ అప్పులలో నున్నది, విలీనము విధాన నిర్ణయము, పండుగనాళ్లలో ప్రజలను నడివీథిలో నిలుపుట తగదు. ఈ మూడవ వాదము హయత్‌నగర్ బస్టాపులో నిలిచినవానికి అంతో యింతో సబబుగానే తోచియుండును. సమ్మెకు పండుగవేళను ఎన్నుకొనుట బేరమునకు బలము, సానుభూతికి హాని.

కాని ప్రభుత్వము ఆ వాదములతో తృప్తినొందలేదు. విధించిన గడువులోపల చేరనివారు తమంత తామే ఉద్యోగమునుండి తొలగిపోయిరని నాటి ముఖ్యమంత్రి ప్రకటించెను. పత్రికలయందు 'సెల్ఫ్ డిస్మిస్' అను పదబంధము నిత్యవ్యవహారమయ్యెను. వ్యాకరణజ్ఞులు దీనిని కొంచెము నిలిచి చూడవలెను. తొలగించుట సకర్మకము, తొలగించువా డొకడు, తొలగింపబడువా డొకడు ఉండవలెను. తొలగించినవాడు కారణము చెప్పవలెను, విచారణ జరుపవలెను, న్యాయస్థానమున సమాధానమీయవలెను. ఈ పదబంధము కర్తను, కర్మను ఒక్కనిగా చేసినది. అధికారి వాక్యమునుండి తప్పుకొనెను. కార్మికుడే తన్ను తాను తొలగించుకొనెను. అంతకంటె ముఖ్యము, సమ్మెలో దాగిన రెండవ క్రియ, అనగా పనిని విడువకుండుట, ఇందు పూర్తిగా లోపించినది. పని నాపినవాడు పనిని విడిచినవాడయ్యెను. నియుక్తుడు కానివాడు సమ్మె చేయజాలడు గాన ఈ యొక్క సంజ్ఞతో సమ్మెయే లేకుండ పోవలెను. ఒక సమాసము చేత నలువది యెనిమిది వేల ఉద్యోగములకు లోపాదేశము విధించు ప్రయత్నమిది.

కార్మికులు దీనికి బదులు చెప్పిన తీరు పరిశోధనార్హము. డిపోల యెదుట స్త్రీ ఉద్యోగులు బతుకమ్మ లాడిరి, రోడ్లపై వంటావార్పు జరిపిరి, మానవహారములు కట్టిరి, అక్టోబరు 19న రాష్ట్ర బందునకును, నవంబరు 9న ట్యాంక్‌బండు యాత్రకును పిలుపునిచ్చిరి. ఇవన్నియు తెలంగాణ ఉద్యమ రూపములు. 2011 సెప్టెంబరు 13న ఆరంభమై నలువదిరెండు దినములు సాగిన సకల జనుల సమ్మెలో ఆర్.టి.సి. వారును పాల్గొనిరి. ఆ పేరునందే సమ్మె యను పదము పనివానిని దాటి సకల జనులకు విస్తరించెను. 2019లో కార్మికులు ఆ యుద్యమపు మాటలను, పాటలను తెచ్చి, ఆ యుద్యమమునుండి పుట్టిన ప్రభుత్వము నెదుటనే నిలిపిరి. ఇది నైతికముగా బలమైన బదులు. విమర్శదృష్టితో చూచినచో ఇందొక లోపమును కలదు. బతుకమ్మ తాము తెలంగాణ బిడ్డలమని చెప్పెను. వంటావార్పు తాము ఆకలితో నున్నామని చెప్పెను. తాము చేయు పని ఎట్టిదో, ఆ పని చెడినచో ప్రయాణికునికి వాటిల్లు నష్టమేమో చెప్పు రూపము వానియందు లేదు. నైటౌటు డ్యూటీ యననేమి, డ్రైవరే టికెట్లు కొట్టు టిమ్ సర్వీసులో పనిభారమెట్టిది, అద్దె బస్సులు పెరిగినకొలది డిపో స్థితి యెట్లు మారును, ఇట్టివి కరపత్రములలో నుండెనే గాని పాటలోనికిని, నినాదములోనికిని తగినంతగా రాలేదు. నవంబరు 2న మంత్రివర్గము 5,100 మార్గములను ప్రైవేటు బస్సులకు తెరువ నిర్ణయించినప్పుడు ఆ లోపము స్పష్టమయ్యెను. ఆ నిర్ణయము ప్రయాణికునికి కూడ సంబంధించినదని నమ్మించుటకు వలసిన భాష సిద్ధముగా లేకుండెను.

హైకోర్టు చర్చలు జరుపుమనెను. అక్టోబరు 26 నాటి చర్చలు విఫలమయ్యెను. ఏబది రెండు దినముల పిమ్మట, నవంబరు 25న సమ్మె విరమణ ప్రకటింపబడెను. మరునాడు ఉదయమున కార్మికులు డిపోలకు పోగా పోలీసులు లోనికి పోనీయలేదు. ఆ దృశ్యము మన విచారణకు కీలకము. సమ్మె విరమించినవాడు పనికి రావలెను; కాని తన్ను తాను తొలగించుకొనినవాడు ఎచ్చటికి వచ్చును? గేటువద్ద నిలిచినవాడు ఉద్యోగియో, అన్యుడో యను ప్రశ్న మూడు దినములు వ్రేలాడెను. నవంబరు 28న ముఖ్యమంత్రి వారిని చేర్చుకొందుమని ప్రకటింపగా మరునాడు విధులలో చేరిరి. అనగా సంజ్ఞను విధించినవారే దానిని ఉపసంహరించుకొనిరి. హక్కుగా రావలసినది దయగా వచ్చెను. అటుపిమ్మట పదవీవిరమణ వయస్సు పెరిగెను, సమ్మెకాలపు జీతమును లభించెను. కాని సంఘముల స్థానమున సంక్షేమమండలులు వచ్చెను. లాభములలో కొన్ని దొరకెను, లాభములడుగు పేరు పోయెను.

విలీనమను పదముతోను ఒక చిక్కు కలదు. కార్మికుల మొదటి కోరికయే ఒక సంజ్ఞ: సంస్థ ఉద్యోగులను ప్రభుత్వోద్యోగులనవలెను. జీతమునకు ఖజానా పూచీ యుండుననునది ఇందలి ఆకర్షణ, అది సహేతుకము. ఆంధ్రప్రదేశమున 2020 జనవరి 1 నుండి ఆర్.టి.సి. ఉద్యోగులు ప్రజారవాణా శాఖలో చేరిరి. తెలంగాణమునను 2023 ఆగస్టు 6న శాసనసభ విలీనబిల్లు నామోదించెను. ఐనను 2025 మే 7 నుండి తలపెట్టి, చర్చల పిమ్మట వాయిదావేసిన సమ్మెకు కారణమైన కోరికలలో ఆ విలీనమును అమలుచేయుట యొకటి. చట్టమున చేరిన పేరు డిపోకు చేరుటకు ఇంత దూరము. మరియు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో తమిళనాడు ఉద్యోగుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. కావున ఈ కోరిక నెరవేరినకొలది సమ్మె సన్నగిల్లును. సమ్మెచేసి సాధించిన పేరు సమ్మెనే హరించుట ఇందలి విచిత్రము. కార్మికోద్యమము తన కోరికల పట్టికను వ్రాయునపుడు ఈ ఫలమునుగూడ లెక్కలో నుంచుకొనవలెను.

4

ఇదియే వివాదము వేరు రూపమున అంగన్‌వాడి ఉద్యోగినుల విషయమున కనబడును. వారికిచ్చునది జీతము కాదు, 'గౌరవ వేతనము'. ఈ సమాసములోని పూర్వపదము ఉత్తరపదమును మ్రింగివేయును. గౌరవము పెరిగినకొలది వేతనము చిక్కిపోవును. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు, గ్రాట్యుటీ చట్టమునకు సంబంధించినంతవరకు ఈ గౌరవ వేతనము వేతనమేయని తేల్చెను. ఆంధ్రప్రదేశమున 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడి సమ్మె నలువదిరెండు దినములు సాగెను. నడుమ, 2024 జనవరిలో, ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల నిర్వహణ చట్టమును ప్రయోగించెను. జీతమడిగినప్పుడు వీరు స్వచ్ఛందముగా సేవచేయువారు; పని నాపినప్పుడు వీరు లేనిదే గడువని అత్యవసర ఉద్యోగులు. ఒకే మనిషికి ఒకే ప్రభుత్వము రెండు సంజ్ఞలు వాడి, రెంటను కార్యమును తనకు అనుకూలముగానే విధించుకొనెను. ఉద్యోగినులు ఈ వైరుధ్యమునే తమ వాదమునకు ఆయుధముగా గైకొనవచ్చును. మేము అత్యవసరమైనచో మా వేతనమును అత్యవసరమే కదా యను ప్రశ్నకు బదులు చెప్పుట ఎవరికైనను కష్టము.

మూడవ రూపము మన వీథులలో ప్రతిసాయంకాలము కనబడుచున్నది. దిల్‌సుఖ్‌నగర్ మొదలు హయత్‌నగర్ వరకు హోటళ్ల ముంగిట బండ్లపై సంచులతో వేచియుండు యువకులను కంపెనీలు 'డెలివరీ పార్ట్‌నర్' లందురు, తెలుగున భాగస్వాములు. భాగస్వామికి లాభమున భాగముండవలెను. వీరికున్నది పెట్రోలు ఖర్చులో, ఎండలో, ప్రమాదములో భాగము. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి వీరిని యజమాని–ఉద్యోగి యను సంప్రదాయ సంబంధమునకు వెలుపల నుండి సంపాదించువారిగా నిర్వచించినది. ఆ స్మృతి వీరికొక పేరిచ్చుట మేలే. కాని ఆ పేరు వెలుపలి పేరు. నియుక్తులు కారు గాన వీరు పని నిలిపినను చట్టదృష్టిలో అది సమ్మె యగుట సందేహము. 2025 డిసెంబరు 31న దేశమందలి నగరములలో ఈ కార్మికులు సమ్మెకు పిలుపునిచ్చిరి. పిలుపునిచ్చిన సంఘములలో తెలంగాణ గిగ్ కార్మికుల సంఘము ముందున్నది. ఈ సమ్మెకు గేటు లేదు. యాప్‌నుండి లాగౌటు చేయుటయే సమ్మె. వీరి నుడికారమున ఉద్యోగము పోవుటకు 'ఐ.డి. బ్లాక్ అగుట' యని పేరు. ఇచ్చటను కర్త కనబడడు. ఎవరు బ్లాక్ చేసిరో, ఎందుకు చేసిరో చెప్పు వాక్యము లేదు; ఐ.డి. తనంత తానే బ్లాక్ అగును. 2019లో ఒక ప్రభుత్వము ప్రకటన మూలమున చేయబూనిన దానిని ఇచ్చట యంత్రము ప్రకటన లేకుండనే చేయుచున్నది.

5

ఆకలి మాటలతో తీరునా, కూలి తగవును పదవిచారముగా మార్చుట పండితుల వ్యసనము గాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. సంఘబలము లేని సంజ్ఞ నిష్ఫలమని మేమును అంగీకరింతుము; 2019 తరువాత డిపోలలో సంఘములు బలహీనపడుటయే ఇందుకు సాక్ష్యము. మిల్లు సమ్మెలో యంత్రము నిలుచుటయే వాదము. యజమాని నష్టపు లెక్క చూచుకొని చర్చకు వచ్చును. సేవారంగ సమ్మెలో నష్టము ప్రజలపై బడును గాన ప్రజలకు నచ్చజెప్పనిదే బలము కూడదు. నచ్చజెప్పుట మాటలతో జరుగు పని. కావున పదము ఇచ్చట అలంకారము గాదు, ఉపకరణము. అధికారవర్గము దీనిని ముందుగా గ్రహించినది. కార్మికవర్గము ఆలస్యముగా గ్రహించుచున్నది.

కార్మికోద్యమ భవిష్యత్తును గూర్చి జోస్యము చెప్పుట మా పని గాదు. పై పరిశీలన నుండి తేలిన మూడు విషయములను మాత్రము విన్నవింతుము. సమ్మె ప్రారంభమునకు ముందే తమ పేరేమో కార్మికులు తామే నిర్ణయించి ప్రజలలో వ్యాపింపజేయవలెను; ఎదుటిపక్షము పేరు పెట్టిన పిమ్మట ఖండించుట ద్విగుణ శ్రమ. రెండవది, కోరికలలో ప్రయాణికుని, తల్లిని, ఇంటివద్ద ఆహారమునకై వేచియున్నవానిని భాగస్థులను చేయవలెను. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలు తెలంగాణ ఆర్.టి.సి. బస్సులలో ఉచితముగా ప్రయాణించు పథకము వచ్చినప్పుడు రద్దీ భారమును మోసినది డ్రైవరును, కండక్టరును. ఆ భారమును గూర్చి కార్మికుడును, ప్రయాణించు స్త్రీయు ఒక్కగొంతున మాటలాడగలిగినచో అది ఇరువదియారు కోరికలకంటె బలవత్తరము. మూడవది, సమ్మెకును సమ్మెకును నడుమనున్న కాలమున సంఘము బ్రదికియుండవలెను. నియమమున నిలిచిన సంజ్ఞయే అవసరమున పనికివచ్చును.

మన శాఖలకును ఇందు కర్తవ్యము కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములకును, 1971లో చేనేత పదములకును మాండలిక వృత్తిపదకోశములు వెలువడెను. రైతు, సాలెవాడు వాడిన మాటకు విద్యాపీఠమున గౌరవము లభించినది అప్పుడు. అదే మార్గమున డిపో మాటలను, అంగన్‌వాడి మాటలను, యాప్ పనివారి మాటలను సేకరింపవలసియున్నది. డ్యూటీ, స్పేరు, నైటౌటు, టిమ్, ఐ.డి. బ్లాక్ మున్నగువానిని ఆంగ్లశబ్దములని త్రోసివేయరాదు. ఇవి తెలుగు నోళ్లలో తెలుగు ప్రత్యయములతో బ్రదుకుచున్న వృత్తిపదములు. 2019 నాటి కరపత్రములు, బతుకమ్మ పాటలకు కట్టిన క్రొత్త చరణములు, వంటావార్పు వేళ పాడిన ధూంధాం గీతములు నేటికిని కార్మికుల యిండ్లలో, ఫోనులలో చెదరియుండవచ్చును. కాగితము చెదలపాలగును, ఫోను మారినచో అందలిది పోవును. హయత్‌నగర్ రెండు డిపోలనుండి ఆరంభించి ఒక పరిశోధకుడు సంవత్సరకాలము వీనిని సేకరించినను మేలైన సిద్ధాంతవ్యాసము సిద్ధించును. అందు అమరుల పాటలతోపాటు, మూడు దినములు గేటు వెలుపల నిలిచి లోనికి పోయినవారి మాటలను కూడ చేర్చవలెను. ఆ పనికి పూనుకొను విద్యార్థికి శాఖలు తోడ్పడునని ఆశింతుము.